పౌడర్ కొట్టమంటే

నా చిన్నప్పుడు మా ఇంట్లో తెల్లటి పొడి అంటే జొన్నపిండి, గోడలకు వేసే సున్నం, మా బాపు మిరపతోటకు కొట్టే మందు, అంతే. ఒకటి తినేది, ఒకటి పూసేది, ఒకటి పురుగు మీద కొట్టేది. ఇంకో తెల్ల పొడి కూడా ఉంటుందని, దాన్ని మనుషులకు వాడతారని మా తమ్ముడు పుట్టిన ఇరవై ఒకటో దినం వరకూ నాకు తెలియదు. ఆ రోజు మా చిన్నమ్మ పట్నం నుంచి వస్తూ ఒక పౌడర్ డబ్బా తెచ్చింది. పొడుగాటి రేకు డబ్బా. మూత తిప్పితే సన్నసన్నటి బెజ్జాలు. ఒక్కసారి ఊపితే ఇల్లంతా వాసన. మా అవ్వ, అంటే బాపు వాళ్లమ్మ, ముక్కు దగ్గర పెట్టుకుని, "గీ వాసనకు ఈగలు గూడ పెండ్లికి వచ్చినట్టు వస్తయి" అని నవ్వింది.

చిన్నమ్మ మళ్లీ పట్నం పోతూ పోతూ అమ్మతో ఒక మాట అంది. "అక్కా, రోజు నీళ్లు పోసినంక జర పౌడర్ కొట్టు. పిలగాడు కమ్మగుంటడు." ఆ మాట నా చెవిలో పడింది. పడింది పడినట్టే ఉండిపోయింది.

నా తర్వాత అమ్మకు ఇద్దరు మగపిల్లలు పుట్టి పోయారు. ఒకడు పది రోజులు ఉన్నాడు. ఇంకొకడు నడక కూడా నేర్చాడు. అందుకే ఈ తమ్ముడు పుట్టగానే మా ఊరి మంత్రసాని వాడిని చాటలో పెట్టి, పెరట్లో పెంటకుప్ప మీద ఉంచి, మళ్లీ ఎత్తి అమ్మ చేతికి ఇచ్చింది. పెంట మీద దొరికినవాడిని చావు కూడా చిన్నచూపు చూసి వదిలేస్తుందని మా వైపు నమ్మకం. ఆ తర్వాత కూడా అమ్మకు కుదురు లేదు. వాడు ఎక్కువసేపు పడుకున్నా లేచి చూసేది. ఎక్కువసేపు మేలుకున్నా చూసేది. వాడి పొట్ట మీద చెయ్యి పెట్టి ఊపిరి అందుతోందో లేదో చూసుకుని గానీ ముద్ద నోట్లో పెట్టుకునేది కాదు.

నాకు అప్పుడు ఎనిమిదేళ్లు ఉంటాయేమో. తమ్ముడంటే ప్రాణం. అయితే పక్కింటి అత్త ఒక రోజు వాడిని చూసి, "ఏందే పొల్లా, మీ తమ్ముడు ఆముదపు గింజ తీరు నున్నగ, నల్లగ మెరుస్తుండు" అంది. ముద్దుగానే అని ఉంటుంది. నాకు మాత్రం గుచ్చుకుంది. వాడు తెల్లగా ఉంటే ఆమె నోరు మూతపడుతుంది కదా అని రెండు రోజులు అదే ఆలోచన.

ఆ రోజు పొద్దున అమ్మ కాళ్ల మీద పడుకోబెట్టుకుని వాడికి నీళ్లు పోసింది. సాంబ్రాణి పొగ చూపింది. మంచం మీద మెత్తటి పాతచీర పరిచి పడుకోబెట్టిందో లేదో, బర్రె పలుపు తెంపుకుని పక్కవాళ్ల జొన్నచేను వైపు ఉరికింది. అమ్మ పరుగు తీస్తూ వెనక్కి తిరిగి చెప్పింది.

"జర తమ్మునికి పౌడర్ కొట్టు బిడ్డా, నేనిప్పుడే వస్త!"

కొట్టు. ఆ మాట దగ్గరే నేను దారి తప్పాను.

అంతకు మూడు రోజుల ముందు నేను బాపుతో బావి దగ్గరి మిరపతోటకు పోయాను. ఆకులకు పురుగు పట్టింది. అప్పట్లో వీపుకు తగిలించుకునే పంపులు మా ఊరికి ఇంకా రాలేదు. బాపు పొడి మందును పల్చటి గుడ్డలో పోసి మూట కట్టి, ఆ మూటను ఒక కర్ర చివర కట్టాడు. మొక్కల మీదుగా ఆ మూటను పట్టుకుని ఇంకో కట్టెతో టకటకా కొట్టాడు. కొట్టినప్పుడల్లా గుడ్డలోంచి తెల్లటి పొడి పొగలా దిగి ఆకు ఆకుకీ అంటింది. చూస్తుండగానే పచ్చటి తోట వెన్నెల పడినట్టు తెల్లబడింది. ఎంత ముచ్చటేసిందో. మందు కొట్టడమంటే అది. డబ్బా వచ్చినప్పటి నుంచి అమ్మ దాన్ని వాడగా నేను చూడలేదు. మరి పౌడర్ కొట్టడమంటే వేరే ఇంకేం ఉంటుంది?

డబ్బా బెజ్జాల్లోంచి పొడి కొంచెం కొంచెంగా రావడం నాకు నచ్చలేదు. మూతను పళ్లతో పట్టి ఊడదీశాను. తమ్ముడి గుడ్డల్లోంచి పల్చటిది ఒకటి తీసి సగం డబ్బా అందులో పోశాను. మూట కట్టి పప్పుగుత్తి కర్రకు బిగించాను. మంచం పక్కన నిలబడి, మూటను సరిగ్గా వాడి మీదుగా పట్టుకుని, చేతిగరిటెతో టకటకా కొట్టాను.

బాపు కొట్టినట్టే దిగింది. పొట్ట తెల్లబడింది, కాళ్లు తెల్లబడ్డాయి, మొహం తెల్లబడింది. వాడు మొదట ఆ చప్పుడుకు కళ్లు పెద్దవి చేసి చూశాడు. తుమ్మాడు. నేను నవ్వాను. ఇంకో నాలుగు దెబ్బలు కొట్టాను. వాడు ఏడవడానికి నోరు తెరిచాడు. తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది, ఏడుపు మాత్రం రాలేదు.

ఆ చప్పుడు లేని నోరు నేను ఇప్పటికీ మరిచిపోలేదు. మొహం కందిపోయింది. కాళ్లు బిగుసుకున్నాయి. నేను మూట పారేసి వాడిని ఎత్తుకుని ఊపాను. ఎంతసేపటికో దగ్గు వచ్చింది, దగ్గు వెంట సన్నటి ఏడుపు. ఊపిరి తీసినప్పుడల్లా గొంతులో పిల్లనగ్రోవి లాంటి చప్పుడు. నేను వాడి మొహం తుడిచాను. మంచం దులిపాను. నేల ఊడ్చాను. మూటను జొన్నల గుమ్మి వెనక్కి తోశాను. అమ్మ బర్రెను కట్టేసి వచ్చేసరికి ఇల్లు శుభ్రంగా ఉంది, తమ్ముడు దగ్గుతున్నాడు. పౌడర్ వాసన వచ్చిందంటే వచ్చింది, కొట్టమన్నది తనే కదా. అమ్మకు ఏ అనుమానమూ రాలేదు.

ఇప్పుడు చెప్పాలి, ఇప్పుడు చెప్పాలి అనుకుంటూనే ఉన్నాను. అమ్మ పాలు ఇవ్వబోయింది, వాడు తాగలేదు. ఇప్పుడు చెప్పాలి. అవ్వ వచ్చి ఎత్తుకుంది. ఇప్పుడు చెప్పాలి. నేను వాకిట్లోకి పోయాను, ఇంట్లోకి వచ్చాను, మళ్లీ వాకిట్లోకి పోయాను. కోళ్లను తరిమాను. నిండుగా ఉన్న కుండలో నీళ్లు పోసి పొంగించాను. ఎక్కడ నిలబడినా వాడి ఊపిరి చప్పుడు వినిపిస్తూనే ఉంది.

ఎండ నడినెత్తికి రాకముందే అవ్వ తేల్చేసింది. "పక్కలెగరేస్తుండు, ఊపిరి ఆడుతలేదు. దిష్టి గొట్టింది. సురుకు పెట్టాలె."

సురుకు అంటే ఏమిటో నాకు తెలుసు. పసుపుకొమ్మును నిప్పుల్లో కాల్చి పసిపిల్లల పొట్ట మీద వాతలు పెడతారు. ఊపిరి ఆడని పిల్లలకు అదే మందని అప్పటి పెద్దవాళ్లు గట్టిగా నమ్మేవారు. పోయిన తమ్ముళ్లలో చిన్నవాడి పొట్ట మీద ఆ మచ్చలు నేను చూశాను. వాడిని తీసుకుపోయిన రోజు కూడా అవి ఎర్రగానే ఉన్నాయి. అమ్మ తమ్ముడి పొట్టను కొంగుతో కప్పుకుని కూర్చుంది. అవ్వ పొయ్యి ముట్టించి, నాతో, "పోయి మంత్రసానిని తోల్కరా పో. జల్ది!" అంది. సురుకు పెట్టే చెయ్యి ఆ మంత్రసానిదే.

ఆమె ఇల్లు ఊరికి అవతల, వాళ్ల వాడలో, చిన్న చర్చి పక్కన. నేను ఉరికాను. ఉరుకుతూ ఉరుకుతూ ఆగాను. ఆమె రాకపోతే సురుకు ఉండదు. ఆమె రాకపోతే తమ్ముడికి దిక్కెవరు? నాలుగు అడుగులు ముందుకు, రెండు అడుగులు వెనక్కి. ఎండకు కాళ్లు కాలుతుంటే ఒక కాలు మీద ఇంకో కాలు పెట్టుకుని దారి మధ్యలో నిలబడి ఏడ్చాను. ఏడిస్తే పొద్దు పోతుందని మళ్లీ ఉరికాను.

ఆమె గుడిసె ముందు చింతపండు దంచుతోంది. నన్ను చూసి రోకలి పక్కన పెట్టింది. నేను "తమ్ముడు" అని మా ఇంటి వైపు చెయ్యి చూపాను. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. నా జుట్టులో, కనుబొమ్మల మీద, లంగా మడతల్లో తెల్లటి పొడి ఉందని నాకు తెలియదు. తమ్ముడి మొహం తుడిచాను గానీ నా మొహం నేను తుడుచుకోలేదు. ఆమె దాని గురించి ఒక్క మాట అడగలేదు. కొంగు నడుముకు చెక్కుకుని, "నడువు" అని నా కంటే ముందు నడిచింది. ముసలామె అయినా ఆ రోజు నేను ఆమె వెంట ఉరకాల్సి వచ్చింది.

ఒక మాట చెప్పాలి. మా అందరినీ ఈ లోకంలోకి తెచ్చిన చేతులు ఆమెవి. కానీ పురుడు వెళ్లిపోయాక ఆమెను మా అరుగు దాకే రానిచ్చేవారు. ఇరవై ఒక్క రోజులు ఇంట్లో తిరిగిన మనిషి ఇరవై రెండో రోజున వాకిట్లో నిలబడి కబురు అడిగి పోవాలి. అప్పుడు అది తప్పని ఎవరికీ అనిపించలేదు, నాకు కూడా. ఇప్పుడు తలచుకుంటే తల దించుకోవాలనిపిస్తుంది. ఆ రోజు మాత్రం ఆమె అరుగు దగ్గర ఆగలేదు. నేరుగా లోపలికి వచ్చి అమ్మ ఒళ్లోంచి తమ్ముడిని తీసుకుంది. మా అవ్వ పక్కకు జరిగింది.

ఆమె వాడి రొమ్ముకు చెవి ఆనించి విన్నది. మెడ మడతలు విప్పి చూసింది. ముక్కు పుటాల దగ్గర వేలితో తడిమి, ఆ వేలు వెలుతురులోకి ఎత్తి చూసుకుంది. వాడిని నిటారుగా అమ్మ భుజానికి ఆనించి, "గిట్లనే పట్టుకో, పండవెట్టకు. వాకిట్ల గాలికి తిరుగు" అంది. మా అవ్వను బావి దగ్గరికి పోయి బాపును తోలుకు రమ్మంది.

"పసుపుకొమ్ము కాలుతాంది" అంది అవ్వ.

"కాలనీ. దానికేం తొందర లేదు. నీ కొడుకు రావాలె ముందు. పో వదినా!"

మా అవ్వను వదిన అని ఆమె పిలవడం నేను అదే మొదటిసారి విన్నాను. అవ్వ పోయింది. ఇంట్లో ఆమె, నేను మిగిలాం. ఇప్పుడు అడుగుతుంది, కొడుతుంది అని గోడకు అతుక్కుపోయాను. ఆమె అడగలేదు. కింద చాప పరిచి దాని మీద వెల్లకిలా పడుకుంది. తెల్లజుట్టు, మోకాళ్ల దాకా ముడతలు, కాలివేలికి ఇత్తడి మట్టె. ఆ కాళ్లు రెండూ పసిపిల్లలా పైకి ముడుచుకుంది. పిడికిళ్లు బిగించింది. నాకు ఏమీ అర్థం కాలేదు.

"ఇగో, నేను మీ తమ్మున్ని" అంది. "పొద్దుగాల నాకేం చేసినవో గదే చెయ్యి. నోటితోని చెప్పకు. నోరు రాకుంటే చేతులు చేస్తయి. చెయ్యి బిడ్డా, నేనేమనను. పసిపిలగానికి అననీకె వస్తదా?"

నాకు నవ్వు వచ్చింది, ఏడుపు వచ్చింది. గుమ్మి వెనక నుంచి మూట తీశాను. అప్పటికే దానిలో పొడి కొంచెమే మిగిలింది. ఆమె పక్కన నిలబడి మూట పట్టుకున్నాను. చేతిగరిటె పైకెత్తాను. ఒక్కటే దెబ్బ. పొడి ఆమె మొహం మీద పడింది. ఆమె దగ్గి, కళ్లు తుడుచుకుని, పడుకునే అడిగింది.

"ఒక్కటేనా?"

నేను వేళ్లు చూపించాను. రెండు చేతుల వేళ్లూ.

"మూతి మీదనా, కడుపు మీదనా?"

అంతటా అన్నాను. ఆ ఒక్క మాట వచ్చాక ఇక మిగతావి ఆగలేదు. బాపు మిరపతోట, మూట, పక్కింటి అత్త, ఆముదపు గింజ, ఏడుపు రాని నోరు, అన్నీ ఒకదాని మీద ఒకటి పడి బయటికి వచ్చేశాయి. ఆమె లేచి కూర్చుని అంతా విన్నది. విని నన్ను దగ్గరికి లాక్కుంది. ఆమె ఒంటి మీద చింతపండు పులుపు, పౌడర్ వాసన కలిసి వచ్చాయి.

అప్పుడు ఆమె పొయ్యి దగ్గరికి పోయి, నిప్పుల్లో ఎర్రగా ఉన్న పసుపుకొమ్మును కట్టెతో బయటికి లాగి దాని మీద చెంబెడు నీళ్లు పోసింది. చుయ్ మంది. ఆ చప్పుడుకు వాకిట్లో తిరుగుతున్న అమ్మ ఒక్కసారి నిలబడిపోయింది. మెల్లగా తమ్ముడి పొట్ట మీద నుంచి కొంగు తీసింది.

తడిగుడ్డతో తమ్ముడి ముక్కు, పెదవులు, మెడ తుడిచి, పౌడర్ అంటిన గుడ్డలన్నీ మార్చి, బాపు రాగానే మంత్రసాని ఒకటే చెప్పింది. "ఇది నా చేతిల పని గాదు. దవాఖానకు తీస్కపోన్రి. పొల్లను గూడ తీస్కపోన్రి. ఏమైందో చూసింది గిదొక్కతే. డాక్టరు అడిగితే గిది చెప్పాలె."

బండి మీద షాద్‌నగర్‌కు రెండు గంటల దారి. ఎడ్లను బాపు అంతగా కొట్టడం నేను ఎప్పుడూ చూడలేదు. అమ్మ తమ్ముడిని భుజాన వేసుకుని మోకాళ్ల మీద నిలబడే ఉంది, గతుకుల్లో కూడా కూర్చోలేదు. నేను వాడి ఊపిరి లెక్కపెట్టడం మొదలుపెట్టాను. నాకు ఇరవై దాకే వచ్చు. ఇరవై అయిపోగానే మళ్లీ ఒకటి. దారిలో ఒక చోట బాపుకు అంతా చెప్పాను. ఆయన ముందుకే చూస్తూ అడిగాడు.

"నేను మందు కొట్టేటప్పుడు మూతికి రుమాలు కట్టుకున్న గద బిడ్డా. చూడలేదా?"

"చూసిన."

"నిన్ను గాలికి వెనక్కి నిలవెట్టిన గద."

"అది మందు గద బాపు. మందు కంపు గొడ్తది. ఇది మంచి వాసనొస్తది."

ఆయన మెడలోని రుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు. చెమట అనుకున్నాను అప్పుడు.

దవాఖానలో డాక్టరు నన్ను బల్ల మీద కూర్చోబెట్టి అడిగాడు. చెప్పాను. ఎంత పొడి, ఎంత ఎత్తు నుంచి, ఎన్నిసార్లు, ఎప్పుడు. వాళ్లు తమ్ముడి ముక్కులో, గొంతులో ఉన్నదంతా సన్నటి గొట్టంతో తీశారు. రెండు రోజులు కళ్ల ముందే ఉంచుకున్నారు. ఆ రెండు రోజులూ నేను దవాఖాన వసారాలో ఈ చివర నుంచి ఆ చివరకు తిరుగుతూనే ఉన్నాను. కూర్చుంటే ఏదో అయిపోతుందని భయం. మూడో రోజు పొద్దున వాడు గట్టిగా, చెవులు చిల్లులు పడేలా ఏడ్చాడు. వార్డులో అందరూ విసుక్కున్నారు. మా అమ్మ మాత్రం నవ్వి, అప్పుడు కూర్చుంది.

ఇంటికి వచ్చిన నాలుగు రోజులకు మంత్రసాని వచ్చింది. మా అవ్వే ఆమెను లోపలికి పిలిచి పీట వేసింది. ఆమె నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తమ్ముడికి తనే నీళ్లు పోసి చూపించింది. మెత్తటి పాతగుడ్డతో మెడ కింద, చంకల్లో, తొడల సందుల్లో రుద్దకుండా అద్ది అద్ది తడి తీసింది. కాసేపు గాలికి ఒళ్లు ఆరనిచ్చింది.

"పిలగానికి కావలసింది గిది. తడి లేకుంటె చాలు" అంది. "పౌడర్ అనేది మన ముచ్చట, పిలగాని ముచ్చట గాదు. అంత ముచ్చటుంటే ఇటు జూడు."

పిల్లవాడికి వీపు తిప్పి దూరంగా పోయి, మోకాళ్ల కంటే కిందికి వంగి, అరచేతిలో చిటికెడు పోసుకుంది. రెండు చేతులూ కలిపి రుద్దుకుంది. గాల్లో ఏమీ తేలడం లేదని చూసుకుని వెనక్కి వచ్చి, వాడి వీపు మీద చేతులు అలా రాసింది. మొహం దాపులకు పోలేదు. మెడ మడతల్లోకి పోలేదు. తడి మీద పొడి పడితే జొన్నపిండి ముద్దలా గట్టిపడి లేత తోలును ఒరుసుకుంటుందని, ఎర్రబడిన చోట, పుండు పడిన చోట అసలే వేయకూడదని చెప్పింది. డబ్బా మూత బిగించి, నా చేతికి అందనంత ఎత్తున ఉట్టి మీద పెట్టమని అమ్మకు ఇచ్చింది. నాకు రోషం వచ్చింది గానీ, న్యాయమే అనిపించింది.

తమ్ముడు పెరిగాడు. ఎద్దులా పెరిగాడు. గొర్రెలు కాశాడు, లారీ నడిపాడు, ఇప్పుడు వాడికే మనవలు. ఆముదపు గింజ రంగు మాత్రం మారలేదు.

తెలంగాణ వచ్చిన తర్వాత మా మనవరాలికి సర్కారు దవాఖానలో కాన్పయింది. అప్పట్లో బాలింతలకు ఒక కిట్టు ఇచ్చేవారు. బట్టలు, సబ్బు, నూనె, దోమతెర, వాటితోపాటు ఒక పౌడర్ డబ్బా. డబ్బాను చూడగానే అక్కడి నర్సమ్మను పట్టుకుని అడిగాను. ఆ పిల్ల ఓపికగా చెప్పింది. "పౌడర్ లేకున్నా ఏం గాదు అమ్మమ్మా. చానామంది డాక్టర్లు వద్దనే అంటరు. పొడి గాల్లో లేసి పాప ముక్కుల పోతది. మంచిగ తడి తుడిచి ఆరనిస్తే చాలు." నేను మనవరాలికి ఒకటికి రెండుసార్లు చెప్పి ఊరికి వచ్చాను.

ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం షాద్‌నగర్ నుంచి మనవరాలు ఫోన్ చేసింది. అక్కడ కంపెనీ పక్కన రెండు గదుల కిరాయి ఇల్లు వాళ్లది. బొమ్మ కనిపించే ఫోన్. పాప ఏడుస్తోంది. మనవరాలు పాపను ఒకే పక్కకు పట్టుకుని చూపిస్తోంది, మెడ కనపడకుండా. "ఏం లేదమ్మమ్మా, ఉబ్బకు, చెమటకు ఏడుస్తాంది" అంటోంది. వెనకాల వాళ్ల అత్త గొంతు వినిపిస్తోంది. నేను ఫోన్ పెట్టేసి బస్సెక్కాను.

పోయి చూస్తే మెడ మడతల్లో తోలు చెక్కుకుపోయి ఎర్రగా, తడిగా ఉంది. చెమట పోస్తోందని తడి తుడవకుండానే రోజుకు నాలుగైదుసార్లు పౌడర్ అద్దింది. మూడు రోజుల నుంచి దాస్తోంది. అత్త ఏమంటుందో, నేను ఏమంటానో అని. నేను ఆమెను నా పక్కన గచ్చు మీద కూర్చోబెట్టుకుని, పాపను నా ఒళ్లో వేసుకుని, ఏమీ అడగకుండా జోకొట్టాను. ఆమే చెప్పింది. అదే సాయంత్రం దవాఖానకు తీసుకుపోయాం. పూతమందు ఇచ్చారు, పౌడర్ మానమన్నారు. వారంలో తోలు కలిసింది.

దవాఖాన నుంచి ఇంటికి రాగానే గుమ్మంలోనే వాళ్ల అత్త అడిగింది. "ఏమైందట పెద్దమ్మా? ఏం జేసింది గీమె?"

ఆ ఒక్క నిమిషం నాకు మా ఊరు గుర్తొచ్చింది. తమ్ముడు దవాఖాన నుంచి వచ్చాక ఊరంతా మంత్రసానిని అడిగింది. బావి దగ్గర అడిగారు, కల్లాల దగ్గర అడిగారు. పిలగానికి ఏమైందే అని. డాక్టరు ముందు అంతా చెప్పించిన మనిషి, ఊరితో మాత్రం ఒక్కటే అనేది. "పొడి పోయింది లోపలికి. మంచిగైంది." ఎంత గుచ్చి అడిగినా అంతే. పొడి పోయింది. ఈ పిల్ల పోసింది అని ఆమె చచ్చేదాకా ఒక్కసారి కూడా అనలేదు. పోసింది అని ఉంటే, తమ్ముడి ప్రాణం తీయబోయిన పొల్లగా నేను ఆ ఊళ్లో పెరిగేదాన్ని. నా పెండ్లిలో కూడా ఎవరో ఒకరు ఆ మాట తీసేవారు. మా అవ్వకు తెలుసో తెలియదో కూడా నాకు ఇప్పటికీ తెలియదు. తెలిసే ఉంటుంది, ఆమె కూడా అనలేదు.

మనవరాలు గుమ్మం దగ్గర తల వంచుకుని నిలబడింది. చెప్పులు కూడా విప్పలేదు.

"తోలు ఒరుసుకపోయింది బిడ్డా" అన్నాను వాళ్ల అత్తతో. "ఎండలు గట్లున్నయి. మంచిగైతది."

మనవరాలు చెప్పులు విప్పి లోపలికి వచ్చింది.